తేలిక ఫైలు

కోపం వస్తే త్రివేణికి చేతులు వణకవు సరికదా, పని మరింత చకచకా సాగుతుంది. ఆ రోజు కొంప ముంచింది ఆ తొందరే.

టాటానగర్ బర్మామైన్స్‌లో, వలసొచ్చిన తెలుగువాళ్ల సందులో ఆమెది చిన్న ఫోటో స్టూడియో. పెళ్లిళ్లు, సీమంతాలు, ఏటేటా వచ్చే అమ్మవారి సంబరం, అన్నీ ఆమే తీస్తుంది. ముందురోజు మధ్యాహ్నం ఘటాల ఊరేగింపు తీస్తుండగా తోపులాట రేగింది. కమిటీ మగవాళ్లంతా ఒకే రకం పసుపు టీషర్టుల్లో ఉన్నారు. వాళ్లలో ఒకడు ఇనుప రాడ్డెత్తి ఆమె తమ్ముడు మోహిత్ నెత్తిమీద కొట్టాడు. కూలిపోయినవాణ్ణి వదలకుండా మళ్లీ కొట్టాడు. ఆస్పత్రికి చేరేలోపే మోహిత్ ప్రాణం పోయింది. జనం తోసెయ్యడంతో కొట్టినవాణ్ణి త్రివేణి పోల్చుకోలేకపోయింది గానీ, చేతిలో కెమెరా మాత్రం ఆగలేదు.

పొద్దున్నే స్టూడియోలో పెద్ద తెర మీద వేసి చూసింది. బంగారురాజు. కమిటీ పెద్ద. తాగి ఘటాల ముందు గెంతొద్దని మోహిత్ నలుగురిలో కసిరాడని కక్ష వాడికి. మొహం మీద చెమటతో సహా కనిపిస్తున్నాడు, దుర్మార్గుడు.

"దొరికావురా," అంది త్రివేణి పళ్లు కొరుకుతూ.

పెద్దమ్మ కస్తూరమ్మ వెనకే నిలబడి ఏడుస్తోంది. "ఠాణాకి తరవాత ఎల్దువు గానీ, ముందు మన గ్రూపులో ఎట్టమ్మీ. ఊర్లో మనోళ్లు కూడా సూత్తారు."

వాళ్లలో ఏది జరిగినా ముందు గ్రూపులో పడాల్సిందే. చావైనా, బారసాలైనా. శ్రీకాకుళం పక్క పల్లెల్లోని చుట్టాలవి పాత ఫోన్లు. కాస్త బరువైన వీడియో పంపితే చాలు, "సున్నా తిరుగుతానే ఉన్నాదమ్మా, తెరుసుకోట్లేదు" అని ఫోన్ల మీద ఫోన్లు. అందుకని ఎన్నో ఏళ్లుగా గ్రూపు కోసం విడిగా ఓ తేలిక ఫైలు చేసి పంపడం త్రివేణికి అలవాటు. ఇవాళా చెయ్యి అలవాటుగా అన్నిటికంటే చిన్న సైజు మీదికే పోయింది. 'మోహిత్‌ను చంపింది వీడే' అని గ్రూపులో పెట్టింది, పేరు రాయలేదు. మొహం ఉండగా పేరెందుకు అనుకుంది. పంపినదాన్ని మళ్లీ తెరిచి చూసిందా అంటే, అదీ లేదు. ఆమె కళ్ల ముందున్నది పెద్ద తెర మీది అసలుది.

అసలే నలిగిన వీడియోను వాట్సాప్ ఇంకాస్త నలిపింది. జనం ఫోన్లలో కనిపించింది ఓ పసుపు చొక్కా, లేచిన చెయ్యి. మొహం ఉండాల్సిన చోట మసక.

మొదటి జవాబు బంగారురాజే పెట్టాడు. 'ఈడు పైడిబాబు కాదేటి?'

పైడిబాబు టాటానగర్ స్టేషన్లో పార్సెల్ మూటలెత్తే కాంట్రాక్టు కూలీ. కమిటీ పసుపు టీషర్టు వాడికీ ఉంది. ఇంచుమించు బంగారురాజంత పొడుగు. పోయిన వారం బండి అడ్డం పెట్టాడని మోహిత్‌తో కాలర్లు పట్టుకున్నాడు కూడా. ఇంకేం కావాలి? 'అవును, ఆడే' అన్నారు పెద్దలు. 'హా, వహీ హై' అన్నారు కుర్రాళ్లు. వీడియో పక్కనున్న పర్సుడీహ్ బస్తీ దాకా పాకింది.

ఠాణాకిచ్చేందుకు అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్న త్రివేణి సందులో అరుపులు విని ఫోన్ చూసింది. 'పైడిబాబు కాదు, బంగారురాజు' అని రాసింది. గ్రూపు నడిపేది వాడే. ఆ మాట చెరిపేసి ఆమెనే బయటికి నెట్టాడు. అసలు వీడియోను నెట్‌లోకి ఎక్కించి, దొరికిన నంబర్లన్నిటికీ లింకు పంపింది. కర్రలు పట్టుకున్న చేతులు లింకులు తెరుస్తాయా? ఇక లాభం లేదని కెమెరా పట్టుకుని పరిగెత్తింది.

అప్పటికే పైడిబాబును ఇంట్లోంచి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. ఒక కన్ను మూసుకుపోయింది. చెయ్యి మోచేతి దగ్గర విరిగి వేలాడుతోంది. చొక్కా పసుపో ఎరుపో తెలియడం లేదు. త్రివేణిని చూసి పాకుతూ ముందుకొచ్చాడు.

"అప్పా, నాను కాదని సెప్పు."

"వీడు కాదు, బంగారురాజు. ఇదిగో చూడండి," అంటూ ఆమె కెమెరా పైకెత్తింది. బంగారురాజు అది లాక్కుని దాంతోనే ఆమె నోటిమీద కొట్టాడు. పళ్లు కదిలి నోరంతా రక్తం. కెమెరాను గోడకేసి బద్దలుకొట్టాడు. "తమ్ముడు పోయీసరికి మతి పోనాది పాపం," అన్నాడు జనంతో, ఎంత నింపాదిగానో. తర్వాత పైడిబాబు మీద రాడ్డు లేచింది. ఆమె అరుస్తూనే ఉంది. ఆ నోటితో అరిచింది ఎవరికీ అర్థం కాలేదు. పోలీసు జీపు వచ్చేసరికి పైడిబాబు కదలడం లేదు, బంగారురాజు జాడ లేదు.

సాయంత్రం పైడిబాబు తల్లి దాలమ్మ స్టూడియోకి వచ్చింది. చేతిలో అద్దం పగిలిన ఫోన్.

"ఇందల నా కొడుకేడమ్మీ? ఎంత సూసినా నాకు కానరాట్లేదు."

త్రివేణి పెద్ద తెర మీద అసలుది వేసింది. దాలమ్మ దగ్గరికెళ్లి వేలుపెట్టి చూపించింది.

"ఈడు బంగారురాజు కదా."

"అవును పిన్నీ."

"ఇంత తేటగా ఉన్నాది. ఇదెందుకు పంపలేదు?"

"పెద్ద ఫైలు పిన్నీ. అందరి ఫోన్లలో తెరుసుకోదని..."

దాలమ్మ త్రివేణి చెంప పగలగొట్టింది. వాచిన పెదవి మళ్లీ చిట్లింది. త్రివేణి చెయ్యి అడ్డం పెట్టలేదు. ముసలామె మళ్లీ కొట్టబోయి, చెయ్యి దించి, నేలమీద కూలబడింది.

"అందరికీ ఎందుకమ్మీ? ఠాణాలో ఒక్కడు సూత్తే నా కొడుకు బతికుండీవోడు."