వాము వాసన కొట్టే బండి

లోకంల ఆడోళ్లు మొగుని అంగి వాసన సూస్తరు. నేను మా ఆయన బండి పొగ వాసన సూస్త. నవ్వకుండ్రి. మీ ఆయన గూడ బజ్జీలు కాల్చిన నూనె పోసి డీసీఎం లారీ నడిపితే తెలుస్తుండె మీకు.

మా ఆయన పేరు శివకుమార్. మేముండేది సూర్యాపేటల. మిర్యాలగూడ మిల్లులల్ల బియ్యం బస్తాలు ఎత్తుకొని కోదాడల దింపుడు ఆయన పని. బండి పాతది, మా పెండ్లి నాటికే పాతది. ఇప్పటి కొత్త బండ్లయితే జర తేడా వస్తే నకరాలు చేస్తయి గానీ, మా ముసల్ది ఏం పోసినా తాగుతది. డీజిల్ ధర సూసి సూసి మా ఆయన యాష్టకొచ్చిండు. ఫోన్ల ఎవనిదో వీడియో సూసి, హోటళ్లల్ల పారబోసే నల్ల నూనె తెచ్చుడు మొదలుపెట్టిండు. డ్రమ్ముల పోసి ఎండకు పెడతడు. నీళ్లు, మాడు అడుక్కు దిగుతయి. పైన తేరిన నూనెను ఒడపోసి క్యాన్ల నింపుతడు. పొద్దుగాల బండి డీజిల్ తోనే లేస్తది. ఇంజన్ వేడెక్కినంక పైపు మలిపితే నూనె మీద నడుస్తది.

ఒడపోసుడే తిప్పలయింది. బనీన్ పెట్టిండు, మాడు దిగింది. నా నూలు చీర చింపిండు, నీళ్లు దిగినయి. బండి దగ్గుకుంట దగ్గుకుంట ఇల్లు చేరేది. అప్పుడు ఉపాయం చెప్పింది ఎవరనుకున్నరు? నేనే. మాది తుంగతుర్తి దిక్కు, కురుమోళ్లం. మా నాయిన వానల గొర్లెంట తిరుగుతుంటే గొంగడి మీద నీళ్లు పడి జారిపోయేటివి, లోపల ఒళ్లు తడవకపోయేది. అదే నూనె పడితే చప్పున పీల్చుకునేది. "గొంగడి నీళ్లను ఆపుతది, నూనెను దించుతది. పెట్టి సూడు" అన్న.

ఇంట్ల ఉన్నది ఒక్కటే గొంగడి. పెండ్లినాడు మమ్మల్నిద్దర్ని కూసోబెట్టింది దాని మీదనే. మా నాయిన గొర్ల ఉన్ని అది. మనసు ఒప్పకపోయినా అంచు దిక్కు ఒక ముక్క కోసిచ్చిన. నూనె తేట తేటగ దిగింది. ఆయన సూసిండు, తలకాయ ఊపిండు, అంతే. "మంచి ఉపాయం చెప్పినవ్ సరితా" అంటే నోట్లెకెళ్లి ముత్యాలు రాలిపోతయా?

మాట్లాడడు ఆ మనిషి. ఉత్త ముంగి. తిట్టినా అంతే, ముద్దుగ పిలిచినా అంతే. నేను కోపానికి కూరల ఉప్పెయ్యకుంటె గూడ కిక్కురుమనకుండ తిని లేస్తడు. అసలు ఈయనకు నాలికున్నదా అని నాకు అనుమానం.

మొదట్ల సూర్యాపేట హోటళ్ల నూనె తెచ్చేటోడు. బండి మా గల్లీలకు మలిగిందంటే కోడి వేపుడు వాసన. పక్కింటి ఆండాళు గోడ మీదికెళ్లి తలకాయ పెట్టి, "సరితా, మీ ఆయనొస్తున్నడు, ఉల్లిగడ్డలు కొయ్యి" అని పరాచికమాడేది. నేనూ నవ్వేదాన్ని.

దసరా ఎల్లినంక వాసన మారింది. వాము వాసన. కోడి లేదు, చేప లేదు, ఏ రోజు సూసినా వామే.

"ఈ నూనె యాడిది?" అన్న.

"కోదాడ."

"కోదాడల యాడిది?"

"తారా కాడిది."

తారా! మా ఆయన నోట్లె ఒక ఆడిమనిషి పేరు గంత సాఫుగ రావుడు అదే మొదలు. నన్ను పిలిస్తే "ఏమే" అంటడు, ఖతం.

"ఎవరామె?"

"బైపాస్ కాడ బజ్జీల బండి."

"మన సూర్యాపేటల నూనె కరువొచ్చిందా?"

"ఆమె నూనె మంచిగుంటది. కోళ్లు, చేపలు ఎయ్యది. తొందరగ దిగుతది."

ఓ యవ్వ! ఒక్కతీర్న గన్ని మాటలు!

"నూనె మంచిగుంటదా, నూనె పోసేటామె మంచిగుంటదా?" అన్న. వినబడనట్టు బండి కిందికి దూరిండు. నిప్పు లేనిదే పొగ రాదంటరు. మా ఇంటి ముంగట పొగ వాము వాసనేసుకొని మరీ వస్తున్నది, ఇగ నేనేం అనుకోవాలె చెప్పుండ్రి.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టలే. అన్నం తింటుంటే గూడ తారానే. ఎట్లుంటది, ఏం చీర కడతది, ఈ ముంగిని ఏం మందు పెట్టి మాట్లాడిపిస్తున్నది. ఒకనాడు పొద్దుమూకి ఫోన్ల నవ్వుకుంట మాట్లాడుతున్నడు. నవ్వుకుంట! ఆ నవ్వు నేను మా పెండ్లి వీడియోల గూడ సూడలే. నన్ను సూడంగనే పెట్టేసి మూతి తుడుసుకున్నడు, తేలు కుట్టిన దొంగ లెక్క. ఆ నవ్వు నాది. నా ఇంట్ల నవ్వాల్సిన నవ్వు కోదాడల ఎందుకు ఖర్చు పెట్టాలె?

ఇంకో దినం డ్రమ్ము కాడ సూస్తే నేనిచ్చిన గొంగడి ముక్క సగమే ఉన్నది. మిగిలిన సగం ఏమయింది అన్న. అడగంగ అడగంగ, "ఉన్నది" అన్నడు. యాడున్నదో చెప్పలే.

ఇట్ల గాదని మిర్యాలగూడ పోయిన. మా అన్న బీరన్న అక్కడ తవుడు నూనె తీసే మిల్లుల పని చేస్తడు. తొట్టి అడుగున మిగిలిన నూనె ఒక క్యాన్ అడిగిన. మా అన్న క్యాన్ అయితే ఇచ్చిండు గానీ, "చెల్లే, ఇది శుద్ధి చేసింది గాదు, మైనముంటది, చల్లబడితే..." అని ఏదో చెప్పుకుంటనే ఉన్నడు. నాకు బస్సు తొందర. పైగా నూనె అంటే నూనెనే గదా! మా అన్న కాడ నూనె ఉండంగ పరాయిదాని వాకిట్ల నిలబడే కర్మ నా మొగునికెందుకు?

మా ఆయన లేనప్పుడు ఆ నూనెను పొయ్యి మీద వేడిచేసి గొంగడి మీద పోసిన. సర్రున దిగింది. తారా నూనెకన్న తొందరగ దిగింది! నాకు మస్తు సంబురమయింది. తెల్లారి ఆయన తానం చేస్తుంటే, బండి కాడ పెట్టుకున్న తారా నూనె మోరీల పారబోసి, నా నూనె నింపిన. జర చిక్కగ కనబడింది. చలికాలం గదా, మంచుకు అట్లనే ఉంటది అనుకున్న. ఇయ్యాల బండి మంచిగ ఉరికితది, రాంగనే "ఇది నా నూనెనయ్యా, ఇగ కోదాడ బంద్" అని చెప్తా అనుకున్న.

పగటి బువ్వ పొద్దుకు ఫోనొచ్చింది. ఆయన నంబరే. ఎత్తితే ఆడగొంతు.

"సరిత వదినా? నేను తారాని మాట్లాడుతున్నా. అన్న బండి ఆగిపోయింది, మా కొట్టు దగ్గరే ఉంది. అన్న చేతులన్నీ గ్రీజు, అందుకే నేను చేశా. మీరు కంగారు పడకండి."

మా ఆయన ఫోను ఆమె చేతుల! నా పేరు ఆమె నోట్ల! చీర గూడ మార్చుకోలే, ఇంటికి తాళమేసి కోదాడ బస్సెక్కిన. మునగాల దాటేదాంక కండక్టర్ ఏమడిగిండో, నేనేం చెప్పిన్నో నాకు యాదిలేదు. ఆ తారాను కడుగుదామని ఒక్కొక్క మాట నూరుకుంట పోయిన.

బైపాస్ కాడ దిగితే మా ముసల్ది మూతి తెరుసుకొని నిలబడి ఉన్నది. ఆయన ఫిల్టర్ ఇప్పి చేతుల పట్టుకున్నడు. లోపలంతా తెల్లగ, గడ్డకట్టిన మైనం. ముక్కు కాడ పెట్టుకొని వాసన సూసిండు. నా దిక్కు సూసిండు.

"తవుడు నూనె" అన్నడు. "వేడి మీద ఒడపోస్తే మైనం కరిగి దిగుతది. చల్లారినంక ఒడపోయాలె."

అంతే. తిట్టలే. మళ్ల డీజిల్ పోసి ఫిల్టర్ కడుగుడు మొదలుపెట్టిండు. తిట్టినా బాగుండు. నాకు సిగ్గయి, ఆ సిగ్గు మీద ఇంకింత కోపమొచ్చి, ఆ కోపమంతా తీస్కపోయి బజ్జీల బండి ముంగట దింపిన.

తారా మంచిగనే ఉన్నది. అబద్ధమెందుకు. నా ఈడుదే, పళ్లు నాకన్న తెల్లగున్నయి. నేను నోరు తెరిసేలోపే ఆమె వెనక కట్టెకు కొట్టిన మొలకు యాలాడుతున్నది కనబడింది. నా గొంగడి ముక్క. మా నాయిన గొర్ల ఉన్ని. నా పెండ్లి గొంగడి!

"అది నీకెట్లొచ్చిందే?" అన్న. బజ్జీలు తినేటోళ్లు నమలుడు ఆపిండ్రు.

"అన్న ఇచ్చాడు వదినా. రాత్రి కొట్టు కట్టేసేముందు నన్నే వడపోసి పెట్టమన్నాడు, అందుకని."

"అన్నంట అన్న! అన్న అంటే అయిపాయెనా? నా పెండ్లి గొంగడి అది. దాని మీద కూసున్నది నేను. దాన్ని కోసింది నేను. దాంతోని నూనె ఒడపోయాలనే ఉపాయం నాది!"

"తెలుసు కదా వదినా" అన్నది తారా. "ఇచ్చినరోజే చెప్పాడు. ఇది మా ఆవిడ తెలివి, వీడియోలు చేసేవాళ్లకి కూడా తట్టలేదు అని. పెళ్లి గొంగడిది, కింద పెట్టకు, కాలు తగలనీకు అన్నాడు. అందుకే ఆ మేకుకి తప్ప ఎక్కడా పెట్టను. మా ఆయన మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీ నించి ఆదివారం వస్తే, ఆయన్ని కూడా ముట్టుకోనివ్వను."

ఆమె నా చేతిల ప్లేటు పెట్టింది. "మీకు ఉల్లిపాయ పడదంట కదా, ఆలుగడ్డవి వేశా. కోపమొస్తే కూరలో ఉప్పెయ్యరంట కదా వదినా మీరు! అన్న చెప్పి చెప్పి నవ్వుతాడు. ఉప్పడిగితే ఇంకా కోపమొస్తుందని మాట్లాడకుండా తినేస్తాడంట. మొన్న ఫోన్లో కూడా అదే. ఈ రోజు ఉప్పుందా అన్నా అని నేనడిగితే, పడీపడీ నవ్వాడు."

అంటే ఆయనకు నాలికున్నదన్నట్టే. అన్ని రోజులూ ఉప్పు లేదని తెలిసే తిన్నడు.

మీరేమనుకుంటున్నరు, నా కడుపుల మంట సల్లారిందనా? ఇంకింత లేసింది! నా ముచ్చట్లు, నా తెలివి, నా కోపం, నా ఉల్లిగడ్డ, అన్నీ ఈమెకు ఎరుక. మంచి మాటలే, కాదంటలే. కానీ అవి నా చెవుల పడాల్సినయి గదా? నేను ఇంట్ల ఒక్క మాటకు మొహం వాసి కూసుంటే, నా మాటలన్నీ ఈమె బజ్జీలతోని నంజుకున్నది. పరాయి ఆడిదాన్ని తలుసుకొని మొగుడు నవ్వితే తిట్టొచ్చు. నన్నే తలుసుకొని పరాయిదాని ముంగట నవ్వితే ఏమని తిట్టాలె? కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మిరపకాయ ఘాటు అని చెప్పిన. ఆలుగడ్డ బజ్జీల మిరపకాయ ఎక్కడిది అని ఆమె అడగలే, అది ఆమె మంచితనం.

బజ్జీలు తిన్న. మంచిగున్నయి, నిజం చెప్తున్న. లేసి మొలకున్న గొంగడి ముక్క తీసి సంకల పెట్టుకున్న.

"నీకు మా తుంగతుర్తి నుంచెల్లి వేరే గొంగడి తెప్పిస్త" అన్న. "ఇది మాత్రం ఇయ్య. ఏమనుకోకు."

"ఏమీ అనుకోను వదినా" అన్నది. నూనె క్యాన్ తెచ్చి బండి కాడ తనే పెట్టింది.

బస్తాలు దింపేసి తిరుగు బాట పట్టినం. నేను క్యాబిన్ల ఆయన పక్కకు కూసున్న, ఒళ్లె గొంగడి ముక్క. బండి వేడెక్కింది, పైపు మలిపిండు. వెనకకెళ్లి వాము వాసన మొదలయింది. ఓపిక పట్టిన, పట్టిన, ఇగ నాతోని గాలే.

"ఆమెకు అన్ని చెప్పినవ్. నాకెందుకు చెప్పవయ్యా?"

ఎదురొచ్చే లారీకి బాట ఇచ్చిండు. అలవాటే గదా అనుకొని నేను కిటికీ దిక్కు తిరిగిన. అప్పుడన్నడు:

"ఆమె అడుగుతది. వదిన ఎట్లున్నది అంటది, చెప్త. నువ్వు ఎవరామె, యాడ తిరిగినవ్, ఎందుకు నవ్వినవ్ అంటవ్. దానికేం చెప్పాలె?"

నా నోటికాడికి గంపెడు జవాబులొచ్చినయి. వీధి వీధంతా వినేటట్టు జవాబు చెప్పేదాన్ని నేను. మింగిన. గొంగడి ముక్కను మడిసి మళ్ల ఇప్పి, మళ్ల మడిసిన.

"సరే. ఇప్పుడు అడుగుతున్న. నేనెట్లున్న?"

గేరు మార్చిండు. మాట మొదలుపెట్టిండు. గొంగడిలకెళ్లి నూనె దిగినట్టే, ముందు ఒక బొట్టు, ఆగి ఇంకో బొట్టు, మునగాల దాటినంక ధార. సూర్యాపేట వచ్చినా ఆగలే. మా గల్లీల బండి నిలబెట్టి గూడ చెప్తనే ఉన్నడు. ఆండాళు గోడ మీదికెళ్లి చెవులు రిక్కిచ్చింది. నేను లేసి క్యాబిన్ అద్దం పైకెక్కిచ్చిన.

ఏం చెప్పిండు అంటరా? మీకెందుకు చెప్త? తారాకు పోయినయి పోయినయి. ఇవి నావి.