ఏడు పొరల కుళ్ళాయి

ఆవని పక్కన ఒక పల్లెలో దొడ్డమునియప్ప వంశానికి ఒక మర్యాద ఉంది. ఏటా తిరునాళ్ళకు ఆ ఇంటి పెద్దకొడుకు కుళ్ళాయి తలన పెట్టుకుని పల్లకీ ముందు గుట్ట ఎక్కాలి. కుళ్ళాయంటే దొరలు పెట్టుకునే పొడుగాటి టోపీ. ఏ కాలంలోనో రాజిచ్చాడని చెప్పుకుంటారు. రాజిచ్చింది కదా, ఉతకరు, పారేయరు. పెద్దరికం చేతులు మారినప్పుడల్లా పాతదాని మీదే కొత్త పట్టుగుడ్డ వేసి కుట్టేస్తారు. చెప్పుకుంటే నవ్వొస్తుంది గాని, ఏడు తరాలకు అది సంగటి కుండంత బరువైంది. పెద్దకొడుకు ఎక్కలేని ఏడాది ఆ మర్యాద అదే పల్లెలోని బచ్చప్ప ఇంటికి పోతుంది. అదీ కట్టుబాటు.

ఇప్పుడు ఆ ఇంటి పెద్దకొడుకు మునియప్పకు డెబ్బై దాటాయి. తాను పనిచేసిన బంగారు గనులు మూతపడి పదేళ్ళయినా, ముప్పై ఏళ్ళు మింగిన రాతిదుమ్ము రొమ్ములోనే ఉంది. కాపురముండే ఆండర్సన్‌పేటలో వీధి చివరి అంగడికి పోయి రావాలంటే రెండుచోట్ల కూర్చుంటాడు. అలాంటి మనిషి గుట్టెక్కడం తలచుకుంటేనే భార్య జయలక్ష్మమ్మకు భయం.

తిరునాళ్ళకు పిలవడానికి తమ్ముడు ఓబలప్ప వచ్చాడు.

“అన్న రాకుంటే బచ్చప్పోళ్ళు మీసాలు మెలేస్తారు వదినా.”

“మెలేసుకోనీప్పా. నువ్వు పెట్టుకోని ఎక్కరాదా?”

“పెద్దోడు ఉండంగా చిన్నోడు పెట్టుకుంటే తల పగులుతాదంట.”

“నీ తలకాయకు భయపడతావు, ఆయప్ప రొమ్ముకు భయపడవు.”

మునియప్ప మంచం మీద నుంచే, “పోతాలేవే. ఇంగ ఎన్నేండ్లు,” అన్నాడు. 

మధ్యాహ్నం జయలక్ష్మమ్మ పక్కింటి కుముద టీచరు దగ్గర కూలబడింది.

“టీచరమ్మా, కుళ్ళాయంటే ఏమి?”

“మన మాట కాదు జయమ్మా. పారశీకులు టోపీని కులాహ్ అంటారు. ఏ గుర్రాల బేరగాళ్ళతోనో ఇటు వచ్చుంటుంది. మన రాజుల కొలువులో గొప్పవాళ్ళు పెట్టుకునేసరికి గొప్పదైపోయింది.”

“బరువుండాలని ఆ మాటలో యాడన్నా ఉండాదా?”

“టోపీ అనే ఉంది. టోపీకి బరువెందుకమ్మా.”

జయలక్ష్మమ్మ ఇంటికొచ్చి, ట్రంకులోంచి కుళ్ళాయి తీసి, గడప మీద కూర్చుని బ్లేడుతో కుట్లు విప్పింది. పై పొర తన పెళ్ళిచీర ముక్కే, మామ పోయిన ఏడాది తాను కుట్టింది. దాని కింద మామది, ఆకుపచ్చ. ఆ కింద ఆముదం కంపు కొట్టే మామ తండ్రిది. ఆ కిందవన్నీ పేర్లు కూడా మరిచిపోయినవాళ్ళవి. చివరికి గుప్పిట్లో పట్టే నూలుటోపీ మిగిలింది. జరీపోగు కూడా లేదు.

“ఏం పని చేసినావు వదినా,” అన్నాడు ఓబలప్ప నీరసంగా.

“మీ తాతముత్తాతలను నా మొగుడి నెత్తి మీద నుంచి దించినాను. అంతేప్పా.”

తిరునాళ్ళ పొద్దున మునియప్ప దాన్నే పెట్టుకున్నాడు. “తల మీద ఉన్నట్టే లేదే,” అని నవ్వాడు. పన్నెండు మెట్లు బాగానే ఎక్కాడు. ఇరవయ్యో మెట్టుకు రొమ్ములో పిల్లంగోవి మోగింది. కూర్చుండిపోయాడు. వెనక పల్లకీ ఆగింది, డప్పులు ఆగాయి. ఓబలప్ప మొహం తిప్పుకున్నాడు.

మునియప్ప టోపీ తీసి, “రా బచ్చప్పా,” అన్నాడు.

బచ్చప్ప మీసం జోలికి పోలేదు. “కొంచేపు ఉందాము అన్నా. దేవరకేం తొందర.”

“వద్దప్పా. బరువు దీంట్లో లేదు.”

బచ్చప్ప తల వంచి టోపీ పెట్టించుకున్నాడు. పల్లకీ కదిలింది. ఇన్నాళ్ళూ జయలక్ష్మమ్మ కోరుకున్నది ఇదే. అయినా ఆ టోపీ వేరేవాళ్ళ తల మీద మలుపు తిరిగేదాకా చూస్తూనే నిలబడింది. తరువాత మొగుడి పక్కన కూర్చుని, కొంగుతో అతని నెత్తి మీది చెమట తుడిచింది.

“దిగుదామా?”

“ఉండవే. ఊపిరి రానీ.”

డప్పులు పైకెక్కిపోతున్నాయి. ఇద్దరూ ఆ మెట్టు మీదే ఉన్నారు.