గెట్ అనే క్రియకు పుట్టిల్లు

ఆ నిఘంటువు ఆఫీసులో పెద్దాయనకు అందరూ చాటుగా పెట్టుకున్న పేరు మూలపురుషుడు. ఏ భాషలో ఏ మాట వినబడినా దాని మూలం తెలుగులోనే ఉందని తేల్చేసేవాడు. అందుకు ఆయనకు పుస్తకాలు అక్కర్లేదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, చెవిలో పుల్ల తిప్పుకుంటే చాలు. పుల్లతోపాటే మూలం కూడా బయటికొచ్చేది.

పక్క బల్ల, అందరూ తందాన అని పిలిచే అతనిది. ప్రూఫులు దిద్దడం అతని ఉద్యోగం, తల ఊపడం అతని వృత్తి. ఎద్దు ఈనిందని పెద్దాయన అంటే, దూడను ఏ గాటికి కట్టమంటారని అడిగే రకం.

ఎదురుగా, ఫ్యాను గాలికి కార్డులు ఎగరకుండా నున్నటి రాళ్లు బరువు పెట్టుకుని కూర్చునేది పెద్దాయన కోడలు. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాయడం అక్కడి పని. 'జి' అక్షరం మొత్తం ఆమెది. పుస్తకం మొదటి పేజీలో ఆ అక్షరం పక్కన ఆమె పేరు అచ్చవుతుంది. అది చూపించి యూనివర్సిటీలో ఉద్యోగం సంపాదించాలని, మామగారి ఫ్యాను కింద నుంచి బయటపడాలని ఆమె ఆశ.

ఆ అక్షరంలో ఆమెను ముప్పుతిప్పలు పెట్టింది గెట్ అనే క్రియ. ఉత్తరం అందినా గెట్టే, జలుబు పట్టుకున్నా గెట్టే, బస్సెక్కినా, ఊరు చేరినా, మాట బుర్రకెక్కినా, ముసలితనం వచ్చినా గెట్టే. ఇంటెడు చాకిరీ ఒక్క కోడలి నెత్తిన రుద్దినట్టు, ఆ భాషవాళ్లు అన్నీ ఈ ఒక్క క్రియ నెత్తిన పడేశారు. ఆమె అర్థాలన్నీ వరస పెట్టి, ఒక్కోదానికి ఒక్కో వాక్యం సాక్ష్యంగా చూపి, చివర పుట్టుక రాసింది: పడవల్లో వచ్చి ఇంగ్లీషు నేల మీద స్థిరపడ్డ నార్సు జనం తెచ్చిన మాట ఇది. వాళ్ల 'గెటా' అంటే చేజిక్కించుకోవడం. దీని చుట్టమే ఫర్గెట్, దాని మొదటి అర్థం పట్టు జారిపోవడం.

ప్రూఫు తిరిగొచ్చేసరికి ఆ పుట్టుక మీద ఎర్రగీత పడింది. పక్కన మామగారి రాత: 'తెలుగు కిట్టు నుంచి.'

"ఇదేంటండీ మామయ్యగారూ?"

"కిట్టడం అంటే ఏంటమ్మా? చేతికి లాభం రావడం. గెట్ అంటే? అదే! మన 'క'ని 'గ' చేసుకుని వాడుకుంటున్నారు, విశ్వాసం లేని వెధవలు."

"అబ్బబ్బ! ఇన్నాళ్లూ మన కళ్లకు కనబడలేదు చూడండి," అన్నాడు తందాన.

"మీ కళ్లు మామయ్యగారి మొహం దాటి ఎప్పుడు చూశాయండీ?" అంది కోడలు. "సాక్ష్యం లేని మాట చెల్లదని గోడ మీద రాయించింది మీరే కదా మామయ్యగారూ. మొన్న నా అర్థాలు సగం అలాగే కొట్టేశారు. మరి దీనికి సాక్ష్యం?"

"నేను చెప్తున్నాగా!"

"ఇది నా పేరు మీద అచ్చయితే నన్నెవరూ గుమ్మం తొక్కనివ్వరండీ."

"ఇంటి పరువు నిలబెట్టాల్సిన కోడలివి, ఎవడి పడవలో ఏం దిగిందో వెతుక్కుంటావా?"

తందాన పగలబడి నవ్వాడు. పెద్దాయన మళ్లీ పుల్ల అందుకున్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడికి నాలుగో కాలు చూపించి లాభం లేదు. ఆ కుందేలు ఎవరిదో నలుగురికీ చెప్పడమే మేలు. కోడలు కూర్చుని తిరగరాసింది. తన నార్సు పుట్టుకను మళ్లీ పైన నిలబెట్టి, కింద చేర్చింది: 'తెలుగు కిట్టు నుంచి వచ్చిందని ఈ సంస్థ ప్రధాన సంపాదకుల అభిప్రాయం. ప్రపంచంలో మరే పండితుడూ ఈ మాట అనలేదు.' అభిప్రాయం ముందు మామగారి పేరు పూర్తిగా వేసింది.

పెద్దాయన చదివాడు. మళ్లీ చదివాడు. పై ముక్క కొట్టేయడం సంగతే మరిచిపోయాడు. ఆ చివరి వాక్యం దగ్గర మొహం చేటంత అయింది.

"మరే పండితుడూ అనలేదు! విన్నావా?"

"ఎవరికి తట్టుద్దండీ?" అన్నాడు తందాన.

"అమ్మాయ్, నా బిరుదులు కూడా వెయ్యి. అక్షరాలు లావుగా ఉండాలి."

"అలాగేనండీ," అంది కోడలు.

పుస్తకం వచ్చాక ఆమె యూనివర్సిటీకి వెళ్లింది. అక్కడి ప్రొఫెసరమ్మ 'జి' తెరిచి, గెట్ మొత్తం చదివి, లావు అక్షరాల దగ్గర ఆగింది.

"ఈయనెవరమ్మా?"

"మా మామగారండీ."

"ఆయన్ని పక్కన పెట్టుకునే ఇంత పని చేశావా! ఎప్పుడు చేరతావు?"

ఉద్యోగం సంగతి తెలిసి మూలపురుషుడు మీసం దువ్వాడు.

"చూశావా? నా పేరు చూసే ఇచ్చారు."

"అవునండీ మామయ్యగారూ," అంది కోడలు, కార్డుల మీది రాళ్లు ఆయన బల్ల మీదికి చేరుస్తూ. "ఈ మాటకు మాత్రం సాక్ష్యం ఉంది."