గోడలో సాక్షి

బావ కనబడలేదంటే దర్జీ ముందు వంటింట్లో చూస్తాడు, తర్వాత వీధి మలుపులో బెంచీ మీద చూస్తాడు. ఆ రెండు చోట్లా లేడంటే ఆయన గోడలో ఉన్నట్టే.

గోడలో అంటే గోడలోనే. కుట్టుగదికి వెనక ఒక గోడ కాదు, రెండు గోడలున్నాయి. చెమ్మ లోపలికి రాకుండా ఏ కాలంలోనో ఎవరో తెలివైనవాడు గోడకి ముందు ఇంకో గోడ లేపాడు. ఆ రెంటి నడుమ మనిషి పక్కకి తిరిగి నిలబడితే పట్టేంత సందు మిగిలింది. పొట్టగలవాళ్లయితే ఊపిరి బిగబట్టుకుని, ఆ పొట్టని కాస్త బతిమాలుకుని దూరాలి. సందు మూతికి అడ్డంగా బట్టల తానులు పెట్టే బీరువా ఉంది. దాని కింద ఇనప చక్రాలు. నేల కాస్త వాలు కాబట్టి, పక్కకి లాగిన బీరువా తనకి బుద్ధి పుట్టినప్పుడు ఎవరూ ముట్టుకోకుండానే తన చోటికి తను వచ్చేస్తుంది. అందుకని లాగినవాళ్లు చక్రం కింద ఏదైనా అడ్డం పెట్టాలి. బావ ఎప్పుడూ ఇస్త్రీపెట్టే పెట్టేవాడు. ఆ ఇంట్లో అంతకన్నా బరువైనవి రెండే ఉన్నాయి, ఒకటి కుట్టుమిషన్, రెండోది బావ.

యుద్ధం రోజుల్లో, ఊరి మీద ఫాసిస్టుల రాజ్యం నడిచినప్పుడు, ఆ సందే బావ ప్రాణం కాపాడింది. అప్పుడాయన కొత్త పెళ్లికొడుకు. వాళ్లకి వ్యతిరేకంగా అచ్చేసిన కాగితాలు చీకట్లో గోడలకి అంటించేవాడు, తెల్లారి వాళ్లు వెతుక్కుంటూ వస్తే సందులో నక్కేవాడు. బయట మిషన్ ముందు ఆయన పెళ్లాం, అంటే మన దర్జీకి అక్క, ఏమీ ఎరగనట్టు కుట్టుకుంటూ కూర్చునేది. దర్జీ అప్పుడు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసువాడు. గొడవలు ముదురుతున్నాయని వాణ్ని పక్క ఊళ్లో పిన్ని దగ్గరికి పంపేశారు. తిరిగొచ్చేసరికి ఇంట్లో మిషన్ ఉంది, అక్క లేదు.

ఏమైంది అని అడిగితే బావ చెప్పే కథ ఊరందరికీ కంఠతా వచ్చు. ఆ పార్టీవాళ్లకి కనబడ్డ ప్రతి పెద్దమనిషికీ కుడిచెయ్యి చాచి పైకెత్తి దండం పెట్టే జబ్బుండేది. వాళ్ల యూనిఫారాలు కుట్టమని ఈ కొట్టు మీద పడేశారు. కాదంటే కొట్టుండదు. సరేనని అక్క కుట్టింది. చంక దగ్గర మాత్రం అసలు కుట్టు వెయ్యకుండా సన్నదారంతో ఒదులుగా కచ్చాకుట్టు వేసి వదిలేసింది. అద్దం ముందు నిలబడితే కోటు బంగారంలా ఉంటుంది, నడిస్తే ఉంటుంది, కూర్చుంటే ఉంటుంది. చెయ్యి పైకి లేచిందా, పర్‌ర్ర్!

ఇంతవరకూ నిజమే. ఇక్కణ్నుంచి బావ పట్టపగ్గాల్లేకుండా పోయేవాడు. పెద్ద సేనాధిపతి వచ్చాడట, దండు దండంతా ఒక్కసారి చెయ్యెత్తిందట. ఆ చంకలన్నీ కలిసి చిరిగిన చప్పుడికి పిడుగు పడిందనుకుని గుర్రాలు ఏట్లో దూకాయట, సేనాధిపతి బల్లకింద దూరాడట. ఆ గందరగోళంలో అక్క ఆయన గారి పంట్లాం భుజాన వేసుకుని, ఇళ్ల కప్పుల మీద గెంతుకుంటూ అడవిలోకి వెళ్లిపోయిందట. ఇప్పటికీ అక్కడ తోడేళ్లకి చలికోట్లు కుడుతోందట.

జనం పగలబడి నవ్వేవాళ్లు. దర్జీ మాత్రం నవ్వేవాడు కాదు. చిన్నప్పుడు నమ్మాడు, కుర్రతనంలో కోప్పడ్డాడు, ఆ తర్వాత అడగడం మానేశాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ముసలివాళ్లయిపోయారు. కుట్టేది దర్జీ, గుండీలు కుడుతున్నానంటూ సూదిలో దారం ఎక్కించేలోపు నాలుగు అబద్ధాలాడేది బావ.

ఇప్పుడు చిక్కల్లా ఆ కథతోనే వచ్చింది. ఊరి కూడలిలో ఒక రాయి నిలబెట్టారు. ఫాసిస్టులతో పోరాడి పోయినవాళ్ల పేర్లన్నీ దాని మీద చెక్కించారు, అక్క పేరు తప్ప. ఎన్నిసార్లు అర్జీ పెట్టినా కమిటీ పెద్ద ఒకటే మాట అన్నాడు. ఊళ్లో ఆయన్ని సవరింపుగారంటారు, ప్రతి మాటకీ ముందు గొంతు సవరించుకుంటాడు గనక. "చూసినవాళ్లో విన్నవాళ్లో ఒక్క సాక్షి కావాలయ్యా. ఉన్న ఒక్క సాక్షీ తోడేళ్ల గురించి చెప్తే నేనేం రాసుకోను?"

ఇవాళ కూడలిలో సభ. సభ అయ్యాక మేస్త్రీ పేర్ల కింద తీగల అంచు చెక్కి ముగించేస్తాడు, ఆ తర్వాత ఇంకో పేరుకి చోటుండదు. బావ లేచి నిలబడి నిజం చెప్తానని దర్జీకి మాటిచ్చాడు. దర్జీ కూతురు కుర్చీలు పట్టి ఉంచడానికి ముందే వెళ్లింది.

తీరా బయల్దేరే వేళకి బావ లేడు. వంటింట్లో లేడు, బెంచీ మీద లేడు.

దర్జీ కుట్టుగదిలోకి వచ్చాడు. బావ కోటు కాలరు ఒక పక్క ముడుచుకుని కనబడింది. ఇస్త్రీపెట్టె కోసం చూస్తే నేలమీద, బీరువా చక్రం దగ్గర ఉంది. ఎక్కడ తీసింది అక్కడ పెట్టడం ఈ జన్మకి రాదు ఈయనకి, అని గొణుక్కుంటూ తీసి బల్లమీద పెట్టాడు. పనిముట్టు నేలమీద ఉంటే దర్జీ అన్నవాడు చూసి ఊరుకోలేడు. కోటు చేతిమీద వేసుకుని, "బావా, వాళ్లు మొదలెట్టేస్తున్నారు, రా!" అంటూ ఆయన్ని లాక్కురావడానికి సందులోకి దూరాడు.

బీరువాకి అప్పుడు బుద్ధి పుట్టింది.

గడగడమని చక్రాల చప్పుడు, ఆ వెంటనే చీకటి.

"ఇస్త్రీపెట్టె ఏదిరా?" అంది చీకట్లో బావ గొంతు.

"బల్లమీద పెట్టాను."

"మంచి పని చేశావు. చక్కగా సర్ది మరీ చచ్చిపోతున్నాం."

దర్జీ చెక్కకి భుజం ఆనించి తోశాడు. లోపలి వైపు పట్టుకోడానికి ఏమీ లేదు, నున్నటి చెక్క. అవతల నిండా ఉన్ని తానులు. వాలుకి ఎదురు తొయ్యాలి. ఇద్దరూ పక్కకి తిరిగి నిలబడ్డారు కాబట్టి ఒకరి బలం ఒకరికి అందదు.

"ఒరేయ్, నా డొక్కలో పొడుస్తున్నావు."

"అది నా మోచెయ్యి కాదు, గోడ."

"మీ వంశంలో మోచేతులన్నీ గోడల్లాగే ఉంటాయిలే."

"బావా, నోరు మూసుకుని తొయ్యి."

తోశారు. బీరువా ఉలకలేదు, పలకలేదు. దర్జీ వీపంతా చెమట పట్టింది. గోడల చెమ్మ ఎదురుగా ఛాతీకి తగులుతోంది, ఊపిరి పీల్చినప్పుడల్లా గోడ దగ్గరికొచ్చినట్టుంది. తల తిప్పితే ముక్కు గీరుకుంటుంది. పైన ఎక్కడో వీధివైపు ఒక గాలికంత ఉంది. అందులోంచి వేలెడంత వెలుగూ, కూడలిలో మైకు చప్పుడూ వస్తున్నాయి.

"అమ్మాయ్!" అని దర్జీ అరిచాడు. సరిగ్గా అప్పుడే బ్యాండు మొదలైంది. మళ్లీ అరిచాడు. బాకాలవాడు ఎవడోగాని వాడి ఊపిరితిత్తులకి మొక్కాలి. దర్జీ అరుపు ఆ సందు దాటి పోలేదు.

బ్యాండు ఆగింది. మైకులో గొంతు సవరించుకున్న చప్పుడు. పేర్లు ఒక్కొక్కటీ చదువుతున్నారు.

"ఇక, అహెం, దర్జీ గారి అక్కగారి విషయం. సాక్షి ఉంటే ముందుకి రావచ్చు."

"ఇక్కడున్నాం!" దర్జీ కేక పెట్టాడు. "ఇక్కడ! గోడలో!"

"అహెం. లేరా?" మైకులో కాస్త ఆగాడు. "ఆయన తోడేళ్లకి కోటు కొలతలు తియ్యడానికి వెళ్లినట్టున్నారు."

కూడలంతా నవ్వింది. ఆ నవ్వు కంతలోంచి దిగి ఇద్దరి నెత్తిన పడింది. దర్జీకి ఒళ్లు మండిపోయింది. కొడదామన్నా చెయ్యి లేవదు, తిరిగి చూద్దామన్నా మెడ తిరగదు.

"విన్నావా? ఇది నీ పంట. ఇన్నేళ్లు నువ్వు నాటి నీళ్లు పోసిందే ఇప్పుడు కోశారు."

బావ చెక్కని ఇంకోసారి తోసి చూశాడు.

"అసలు ఇందులోకి ఎందుకొచ్చావు? రానంటే రానని చెప్పొచ్చుగా!"

"చెప్పేది ఒకసారి అనుకుని చూసుకుందామని వచ్చాన్రా. బయట నోరు తెరిస్తే గుర్రాలు వస్తున్నాయి. బాత్రూంలో అద్దం ముందు అనుకుని చూశాను, అక్కడా వచ్చాయి. ఇక్కడైతే రావు."

మైకు కట్టేశారు. కుర్చీలు మడుస్తున్న చప్పుడు.

కంత కిందే వీధి కుళాయి ఉంది. ఎవరో వచ్చి తిప్పారు. నీళ్లు బకెట్లో పడుతున్నాయి. ఉలులు కడుగుతున్నట్టు ఇనప గలగల.

"మేస్త్రీ!" అన్నాడు దర్జీ. "ఓ మేస్త్రీ!"

గలగల ఆగింది. "ఎవరు?"

"పైన చూడు. గోడలోంచి."

"బాబోయ్."

"భయపడకు, దయ్యాలం కాదు," అన్నాడు బావ. "ఇంకా కాలేదు. ఇంకాసేపు ఆలస్యం చేస్తే అవుతాం."

మేస్త్రీ పరుగెత్తాడు. పాపం ఏమనుకున్నాడోగాని, కాసేపటికి సవరింపుగారినీ, దర్జీ కూతుర్నీ, దారిలో దొరికిన నలుగుర్నీ వెంటబెట్టుకొచ్చాడు. కూతురు ఇంట్లోంచి కుట్టుగదిలోకి వచ్చింది. బీరువా అవతల ఆమె గాజుల చప్పుడు.

"నాన్నా! లోపలున్నారా? మామయ్యా! మీకు వయసెంత, బుద్ధెంత! సభలో నా తల కొట్టేసినట్టయింది. ఉండండి, లాగుతున్నా."

"ఆగమ్మా," అన్నాడు బావ. "లాగకు."

"ఏంటి లాగకు? ఊపిరాడుతోందా లేదా?"

"ఆడుతోంది. బయటికొస్తే మళ్లీ కథలు చెప్తాను. నా సంగతి నాకు తెలుసు. కమిటీ పెద్దాయన్ని కంత దగ్గరికి రమ్మను. ఇక్కణ్నుంచే చెప్తా, రాసుకోమను."

"ఇదేం చోద్యం," అంది కూతురు. కానీ లాగలేదు.

దర్జీకి అరవాలనుంది, నన్నయినా వదలండిరా అని. చెయ్యి తిమ్మిరెక్కింది. అన్నీ మింగేసి నిలబడ్డాడు. అక్క పేరుకి దారి ఈ సందులోంచే ఉంటే ఉండనీ.

వీధిలో స్టూలు ఈడ్చిన చప్పుడు. సవరింపుగారు ఎక్కినట్టున్నారు, కంతలో వెలుగు పోయింది. ఉన్న కాస్త గాలీ ఆయన చెవే ఆపేసింది.

"అహెం. చెప్పండి."

"ఆ రోజు ఏం జరిగిందంటే, వెయ్యిమంది..." బావ ఆగాడు. "కాదు. నలుగురో అయిదుగురో. నేను లోపలికొచ్చేశాను. ఆవిడ బీరువా వదిలింది. మిషన్ ముందు కుర్చీ వేసుకుని, బీరువాకి వీపు ఆనించి కూర్చుంది. చంకలు ఎవరు కుట్టారన్నారు వాళ్లు. నేనే అంది. నమ్మలేదు. ఆడదానికి ఇంత తెలివెక్కడిది, నీ మొగుడెక్కడ అన్నారు. ఒక కోటు ఇలా ఇవ్వండి, చూపిస్తాను అంది. మిషన్ ఆడిన చప్పుడు విన్నాను. దాన్ని వాళ్లలో ఒకడికి తొడిగింది. ఇప్పుడు చెయ్యెత్తవయ్యా అంది. చిరిగింది."

ఎవరూ నవ్వలేదు.

"మొగుడికి గుండీ కుట్టడం కూడా రాదు, ఇది నా చేతి పని అంది. అప్పుడు నమ్మారు. నేను లోపల్నించి తోస్తూనే ఉన్నాను. చప్పుడు కాకుండా కాదు, చప్పుడయ్యేలాగే తోశాను. ఆవిడ నా చప్పుడు కన్నా గట్టిగా మిషన్ తొక్కింది. వీపు బీరువాకి అదిమిపెట్టి తొక్కినట్టుంది. ఆవిడ బరువు నా చేతులకి తెలుస్తూనే ఉంది. తర్వాత తెలియలేదు. లేపి తీసుకెళ్లారు. బీరువాకి అడ్డంగా ఏదో పడేసి వెళ్లారు, పొరుగువాళ్లు వచ్చి లాగేదాకా నేనిక్కడే ఉన్నాను. చెరువుగట్టు దగ్గర కాల్చేశారని వాళ్లే చెప్పారు."

కంతలోంచి కలం గీస్తున్న చప్పుడు వచ్చింది.

"అహెం. వెళ్లేటప్పుడు ఏమైనా నినాదం ఇచ్చారా?"

"లేదండీ. గుండీల డబ్బా కాస్త పైన పెట్టి వస్తానంది. మా తమ్ముడు వస్తే నోట్లో పెట్టుకుంటాడు అంది. వాళ్లు ఆ డబ్బాని తన్నారు. గుండీలన్నీ దొర్లిపోయాయి."

సవరింపుగారు స్టూలు దిగారు. వెలుగు మళ్లీ వచ్చింది. కింద ఆయన మేస్త్రీతో ఏదో అంటున్నారు, ఈసారి గొంతు సవరించుకోకుండానే. "అంచు ఆపెయ్. దానికన్నా ముందు ఒక పేరుంది."

మేస్త్రీ బకెట్ ఎత్తుకుని వెళ్లిన చప్పుడు. బీరువా అవతల కూతురు ముక్కు చీదింది. చక్రం మెల్లగా కదిలింది.

దర్జీ ఎదురుగా గోడనే చూస్తున్నాడు. చూడ్డానికి అక్కడేమీ లేదు.

"బావా," అన్నాడు. "నా గురించి ఇంకేమైనా అందా?"

"ఇంకేం లేదురా. అంతే."

"పోనీ ఏదో ఒకటి కల్పించి చెప్పు."

బావ నోరు తెరిచాడు. ఊపిరి తీసుకున్నాడు, వదిలాడు.

"ఇక్కడ రావట్లేదురా," అన్నాడు.