ఎర్రప్ప చేతులు

తిరుపాల్ రెండు వేళ్ళతో శివప్రసాద్ గడ్డం పట్టుకుని కొంచెం పైకెత్తి, ఎడమపక్కకు వాలిన తలను సరిచేశాడు. స్టూలు మీద కూర్చున్న శివప్రసాద్ ఊపిరి బిగబట్టాడు.

"చెవులు రెండూ కనపడల్ల. ఒకటి దాక్కున్నా పాస్‌పోర్టాఫీసోళ్ళు ఫోటోను ఎనక్కి కొడతారు," అన్నాడు తిరుపాల్, చుట్టూ నిలబడినవాళ్ళకు వినపడేటట్టు.

చదువు ముగిసి పనీపాటా దొరకని వాళ్ళకు ఫోటోగ్రఫీ నేర్పే క్లాసులవి. పెనుకొండ బస్టాండు దగ్గర రేకుల హాలులో జరుగుతాయి. హిందూపురంలో సొంత స్టూడియో ఉన్న తిరుపాల్ వారానికి మూడుసార్లు పొద్దున్నే బస్సెక్కి ఇక్కడికి వస్తాడు. యాభైకి దగ్గరపడిన మనిషి. వీపు కొంచెం వంగింది. ఒక కన్ను మూసి చూసీ చూసీ ఎడమకంటి చుట్టూ ముడతలు పడ్డాయిగానీ కుడికంటి చుట్టూ ఒక్కటీ లేదు. ఫోటోలు కడిగే చీకటిగదిలో మందునీళ్ళలో నాని గోళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. తాళి కట్టేటప్పుడు ఏ పక్కన నిలబడాలో, చనిపోయినవాళ్ళ ఫోటోలో మూసుకున్న కళ్ళను సన్న బ్రష్షుతో ఎలా తెరవాలో అన్నీ విసుక్కోకుండా నేర్పుతాడు. కూటికోసం కోటి విద్యలన్నారు, అందులో ఇదొకటి అనుకుంటాడు.

మనసు మాత్రం ధర్మవరంలో ఉంటుంది. పదేళ్ళ కిందట అక్కడ ఒక పెళ్ళికి ఫోటోలు తీయబోయి, ముహూర్తానికి ఇంకా పొద్దుంటే, పక్కింట్లో మగ్గం చప్పుడు విని తొంగిచూశాడు. మగ్గం గుంటలో కూర్చుని పట్టుచీర నేస్తున్న ఎర్రప్ప, తెగిన పోగును చూడకుండానే వెతికి పట్టుకుని ముడివేస్తున్నాడు. కిటికీ వెలుతురు ఆ వేళ్ళ మీద పడుతోంది. స్టూలెక్కిన ప్రతి మనిషీ పెట్టే ఒకే ముఖాన్ని ఏళ్ళ తరబడి చూసి విసిగిపోయిన తిరుపాల్‌కు ఆ వేళ్ళు పిచ్చి పట్టించాయి. అప్పట్నుంచి ఏ కాస్త వీలు దొరికినా ధర్మవరం బస్సే. రీళ్ళకు రీళ్ళు ఎర్రప్ప చేతులే.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మనిషిని ఇడిసిపెట్టి చేతులు తీసేటోణ్ణి యాడా చూళ్ళేదు," అంటుంది భార్య భానుమతి. అంటూనే స్టూడియో తాళాలు తీసుకుని కౌంటర్లో కూర్చుంటుంది.

ఇన్నాళ్ళకు బెంగళూరులో ఒక గ్యాలరీవాళ్ళు ఆ ఫోటోలను వచ్చే నెల ప్రదర్శనకు పెడతామన్నారు. ఆ గోడ మీద అవి వేలాడితే చాలు, తను పాస్‌పోర్టు ఫోటోల తిరుపాల్ కాకుండా ఇంకో మనిషవుతాడు. బతుకులో అతను తనకోసం కోరుకున్నది అదొక్కటే. ఎర్రప్పకు చూపిద్దామని పెద్ద ప్రింట్లు వేసి సంచిలో పెట్టుకున్నాడు. ఆగలేక క్లాసులోనూ తీసి చూపించాడు.

"ముఖం ఎవురైనా తీస్తారు. కెమెరా చూస్తానే అది నటిస్తాది. చేతులకు నటించేది రాదు," అన్నాడు.

కొందరు ఆ మాట రాసుకున్నారు. స్వప్న అనే అమ్మాయి ప్రింట్లన్నీ తిరగేసి, "ఈయప్ప ఎట్లుంటాడు సార్?" అని అడిగింది.

"మనిషి ఎట్లుంటే ఏమి పాపా, పని చూడు," అని నవ్వాడు తిరుపాల్.

మధ్యాహ్నం బస్సులో ధర్మవరం చేరాడు. వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గం ఆడుతోంది, ఎర్రప్ప ఇంట్లో తప్ప. గడప మీద కూర్చున్న ఎర్రప్ప భార్య రామలక్ష్మమ్మ నుదుట బొట్టు లేకపోవడం చూడగానే తిరుపాల్ కాళ్ళు ఆగిపోయాయి.

"వచ్చినావాప్పా," అంది ఆమె. "మొన్న పొద్దున గుంటలోనుంచి లేస్తా లేస్తా ఎద పట్టుకొని కూలబడిపాయ. ఆస్పత్రికి పోయేలోపలే అయిపాయ. ఆ సాయంత్రమే మట్టి చేసినారు."

తిరుపాల్ అరుగు మీద కూర్చున్నాడు. సొంత అన్న పోయినట్టే అనిపించింది. ఎర్రప్ప కొడుకు నాగన్న చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి పక్కనే కూర్చున్నాడు.

"వీధిలోవాళ్ళు ఫోటోగ్రాఫర్ను పిలుచుకొస్తామనిరి. నేనే వద్దంటి. తిరుపాలన్న కాడ పదేండ్ల ఫోటోలుండాయి, బతికుండేటప్పటివి, పీనుగు ముఖం మనకెందుకు అంటి. పెద్దదినానికి పటం కట్టి పెట్టల్ల, మంచిదొకటి ఏరి ఇయ్యన్నా."

తిరుపాల్ చెంబు కింద పెట్టాడు.

"ఓటు కార్డులో ఫోటో ఉండాది కదా?" అన్నాడు.

నాగన్న లోపలికి వెళ్ళి తెచ్చాడు. కార్డు మీది ఫోటో మసి పూసినట్టున్న నల్లటి మరక. అందులో కన్నేదో ముక్కేదో తెలియదు. ఏ మందునీళ్ళూ అందులోంచి మనిషిని బయటికి లాగలేవు. ఇక దాచేందుకు ఏమీ లేక సంచిలోని ప్రింట్లు తీసి రామలక్ష్మమ్మ చేతికిచ్చాడు.

ఆమె ఒక్కొక్కటే చూసింది. పోగు పట్టిన చేతులు. జరీ సవరించే చేతులు. మోకాలి మీద ఆనించుకున్న చేతులు. ఆఖరిదాని వెనకవైపు కూడా తిప్పి చూసింది.

"ముఖం యాడుండాదప్పా?"

బతికున్నప్పుడు ఒకసారి ఎర్రప్ప తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని గుంటలో కూర్చున్నాడు. కెమెరా వైపు చూసి, "ఈసారి నన్ను గూడా ఒకటి తీయప్పా," అన్నాడు. "నువ్వు ఈపక్క చూడొద్దన్నా, పని చేసుకో," అన్నాడు తిరుపాల్. రీలులో అప్పటికి చాలా మిగిలే ఉంది. ఎర్రప్ప నవ్వి తల వంచుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

"లేదక్కా. ముఖం తీయలేదు."

"పదేండ్లు వచ్చినావు కదప్పా," అంది రామలక్ష్మమ్మ.

అందులో కోపం లేదు. తిట్టి ఉంటే తిరుపాల్ తట్టుకునేవాడు. ఆమె ప్రింట్లను అంచులు సరిచేసి తిరిగి ఇచ్చేసింది. నాగన్న లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది వాళ్ళ పని. బజారులో కెమెరా ఉన్న ఏ ఒక్కణ్ణి పిలిచినా ఒక ముఖమంటూ మిగిలేది. కళ్ళు మూసుకుని ఉన్నా తనే కూర్చుని బ్రష్షుతో తెరిచేవాడు. వాళ్ళు పిలవకపోవడానికి కారణం తనే. పోనీ ఎవరిచేతనైనా బొమ్మ గీయిద్దామని కళ్ళు మూసుకుని ఎర్రప్పను తలుచుకున్నాడు. బొటనవేలి మీది కాయ కనిపించింది. చూపుడువేలు గోరు మీది చీలిక కనిపించింది. మీసం ఉండేదా? అది కూడా గట్టిగా చెప్పలేకపోయాడు. బెంగళూరు మనుషులు వచ్చి, ఈ చేతులు ఎవరివని అడుగుతారు. ఏ ముఖం పెట్టుకుని వాటిని గోడకు వేలాడదీస్తాడు? ఇక బెంగళూరు వెళ్ళనని అప్పుడే తెలిసిపోయింది. వెళ్ళకపోయినా ఈ ఇంటికి ఒరిగేదేమీ లేదని కూడా తెలుసు.

"పోయొస్తానక్కా," అని లేచాడు. ఆమె తల ఊపింది.

చెప్పులు తొడుక్కుంటూ తలుపులోంచి లోపలికి చూశాడు. మగ్గానికి ఎదురుగా గోడకు, తండ్రి ఫోటో కోసం నాగన్న బజారు నుంచి ముందుగానే తెచ్చిన ఖాళీ పటం తగిలించి ఉంది. అద్దం వెనక తెల్ల అట్ట. అద్దం మీద, నుదురు ఎక్కడ వస్తుందో అందాజుగా చూసి, ఇంట్లో ఎవరో దిద్దిన కుంకుమబొట్టు.