పూలసజ్జ చందాదారులు ఎంతమంది?

నేను ఒక చిరునామాల యంత్రాన్ని. పేరు విని ఏదో అనుకునేరు, కుట్టుమిషనంత ఉంటాను, అంతే. మద్రాసులో ఒక కార్ఖానాలో పుట్టి, ఒక బీమా ఆఫీసులో కొన్నాళ్ళు అరిగి, వేలంపాటలో తెనాలి చేరాను. ఒక్కో మనిషి పేరూ ఊరూ చిన్న రేకు మీద ఉబ్బెత్తుగా కొట్టి ఉంటాయి. ఆ రేకును నా నోట్లో పెట్టి పిడి నొక్కితే పత్రికకు చుట్టే కాగితం మీద చిరునామా పడుతుంది. నెలనెలా అంతమందిని నోట కరిచేదాన్ని, ఒక్కరి మొహమూ చూసి ఎరగను. ఇంతకన్నా ఒంటరి బతుకు ఉంటుందేమో మీరే చెప్పండి.

నన్ను కొన్నది ‘పూలసజ్జ’ మాసపత్రిక. సంపాదకురాలు వకుళమ్మ. భర్త పోయాక పత్రికను ఆవిడే నడిపేది, ఆఫీసు పై గదిలో ఒక్కతే ఉండేది. నన్ను తిప్పే మనిషి పైడయ్య. కాగితం ఖర్చు పెట్టేది ఆవిడ మరిది గోవర్ధనం, చందాలు జమ రాసుకునేదీ ఆయనే. సాయంత్రం వాళ్ళు వెళ్ళిపోయాక వకుళమ్మ నా పక్కన కుర్చీ వేసుకుని, రేకుల మీద పేర్లు వేలితో తడుముకుంటూ కూర్చునేది. వాళ్ళందరూ తన పత్రిక కోసం ఎదురుచూస్తున్నారని ఆవిడ నమ్మకం. నాకూ అదే నమ్మకం.

ఒక ఏడు కాగితం ధర మండిపోయింది. చదివేవాళ్ళు వెయ్యిమంది ఉంటే నడుపుదామనీ, లేకపోతే ఉగాది సంచికతో మూసేద్దామనీ గోవర్ధనం తేల్చి చెప్పేశాడు. సరే, లెక్క తీయండన్నది వకుళమ్మ. అక్కడ మొదలైంది తంటా. పైడయ్య రేకులు లెక్కపెట్టి పద్నాలుగు వందలన్నాడు. గోవర్ధనం జమలు చూసి ఎనిమిది వందలన్నాడు. పోస్టాఫీసు వాళ్ళు మీ దగ్గర్నుంచి వచ్చేవి పదకొండు వందల కట్టలే అన్నారు.

“మిగతా పుస్తకాలు ఎటు పోతన్నయ్ పైడయ్యా?” అన్నాడు గోవర్ధనం. ఆ అడిగిన తీరుకు పైడయ్య మొహం మాడిపోయింది. పాత కాగితాల కొట్టుకు అమ్ముకుంటున్నావా అనే కదా దానర్థం.

తెలిసేదాకా ఎవర్నీ ఏమీ అనొద్దని వకుళమ్మ కసిరింది. సొరుగులన్నీ లాగి, రేకులు బల్ల మీద పోసుకుని ముగ్గురూ కూర్చున్నారు. తీరా చూస్తే దొంగ ఎవరూ లేరు. చందా గడువు దాటినా రేకు తీయొద్దని చెప్పింది వకుళమ్మే. ఇన్నాళ్ళు వచ్చిపోయిన మనిషిని ఇక రావద్దని ఎలా అంటామని ఆవిడ పద్ధతి. అందుకే రేకుల లెక్క పెద్దది. గోవర్ధనం ఈ ఏడు డబ్బు కట్టినవాళ్ళనే ఎంచాడు. ఎప్పుడో ఒకేసారి కట్టేసిన శాశ్వత చందాదారులు ఆయన లెక్కలోకే రారు. పోస్టాఫీసుకేమో ఒక బడిలో పంతుళ్ళందరికీ కలిపి కట్టిన కట్ట ఒకటే. మూడూ నిజమే. మనుషులు మూడు వేరువేరు ప్రశ్నలు వేసి, జవాబు ఒకటి కాలేదని కొట్టుకుంటారు! గోవర్ధనం పైడయ్యకు టీ తెప్పించాడు.

“అయితే చదివేది ఎంతమంది?” అని అడిగింది వకుళమ్మ. అది మూడు లెక్కల్లోనూ లేదు.

ఆ హడావుడిలోనే ఒక పొరపాటు జరిగింది. రేకులు తిరిగి సర్దేటప్పుడు ఒక సొరుగు పాత సంచికల గుట్ట వెనక ఉండిపోయింది. ఆ నెల అందులోవాళ్ళకు పత్రిక వెళ్ళలేదు. మిగిలిన కాపీలు చూసి, ప్రెస్సువాళ్ళు ఎక్కువ కొట్టారనుకున్నాడు పైడయ్య. నాకు తెలుసు, కానీ చెప్పే నోరేదీ? మరుసటి నెల సొరుగు కనపడేసరికి పైడయ్య పరుగున వెళ్ళి వకుళమ్మకు చెప్పాడు. రెండు వందల మంది ఎన్ని తిట్లు రాసి ఉంటారోనని వకుళమ్మ వచ్చిన ఉత్తరాలన్నీ తిరగేసింది. పత్రిక రాలేదేమని ఒక్కరూ అడగలేదు. చందా కట్టినవాళ్ళూ అడగలేదు. ఆ సాయంత్రం ఆవిడ నా దగ్గరికి రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇనుముకు ఏడుపేమిటని నవ్వకండి.

కొన్నాళ్ళకు ఫోను మోగింది. కొత్తగూడెం ఆస్పత్రిలో నర్సు, పేరు సలోమి. ఆమె గొంతు గదంతా వినిపించింది.

“పోయిన్నెల పుస్తకం రాలేదండీ. చందా కట్టి చానా ఏళ్ళయింది, అడిగే మొహం లేదు. పుస్తకం కోసం కాదులెండి. మీకు ఒంట్లో బాగానే ఉందా?”

“బాగానే ఉన్నానమ్మా,” అన్నది వకుళమ్మ.

గోవర్ధనం తన జమల్లో వెతికాడు, సలోమి లేదు. పోస్టాఫీసు లెక్కలో ఆస్పత్రి కట్టలో కలిసిపోయింది. ఆమె పేరు విడిగా ఉన్నది ఆ సొరుగులోని రేకు మీదే.

“చదివేది ఒక్కరున్నారు గోవర్ధనం,” అన్నది వకుళమ్మ. “ఆపేద్దాం.”

ఇంకో ఏడాది చూద్దాం వదినా అని ఈసారి ఆయనే బతిమాలాడు. ఎదురుచూడనివాళ్ళకు ఎన్నాళ్ళని పంపుతామన్నది ఆవిడ. ఉగాది సంచిక అందరికీ వెళ్ళింది. సలోమి కాగితానికి మాత్రం వకుళమ్మే పిడి నొక్కింది.

తరవాత పాత ఇనుము కొనే అతను వచ్చాడు. రేకులన్నీ గోతంలో పోసి, పక్కన నన్ను పెట్టి, కాటా వేసి ఒక అంకె చెప్పాడు. పైడయ్య సరేనన్నాడు, గోవర్ధనం సరేనన్నాడు, వకుళమ్మ తల ఊపింది. ఆ అంకె దగ్గర ఎవరికీ పేచీ రాలేదు. కానీ అందులోనూ ఒకరు తక్కువే. సలోమి రేకు వకుళమ్మ గుప్పిట్లో ఉంది.