మినిస్టర్ మెడలో దారం

కుక్కకు మినిస్టర్ అని పేరు పెట్టింది ప్రెగ్గీ. కొత్త ప్రభుత్వం వచ్చాక పుట్టింది కదా, తింటుంది, పడుకుంటుంది, ఎంత పిలిచినా పలకదు, ఇంతకంటే తగిన పేరేముంది అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పి తనే ముందు నవ్వేవాడు. నవ్వడానికి అతనికేం పోయింది? అతను ఊళ్ళో లేని మూడు వారాలూ దాన్ని మేపింది, కడిగింది, దాని వెనక పరిగెత్తింది అతని చెల్లెలు ఆడ్రీ.

ఆడ్రీకి యాభై దాటాయి. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుట్టే పని. పై దేశాల నుంచి చవక చొక్కాలు ఓడల్లో వచ్చి పడుతున్నాయని సగం మందిని ఇంటికి పంపేశారు. మిగిలిన వాళ్ళు ఇద్దరి పని ఒక్కరు చేస్తున్నారు. సాయంత్రం షేర్ టాక్సీ దిగి, ఖర్వాస్తాన్ ఎత్తు రోడ్డు ఎక్కి ఇల్లు చేరేసరికి ఆమెకు కూర్చోవాలన్న కోరిక తప్ప ఇంకేమీ మిగిలేది కాదు. అలాంటి మనిషికి ఈ కుక్క.

కాదని ఎందుకు అనలేదంటే దానికో కథ ఉంది. అమ్మ పోయిన పదహారో రోజున, పటం ముందు పెట్టిన అన్నం, కూరలు అందరికీ వడ్డించినప్పుడు ఆడ్రీ ఆకు ముందు కూర్చుని తినలేదు. అప్పటికే ఆమె, భర్త ఐవన్ చర్చిలో చేరారు. దేవుళ్ళకూ, పోయినవాళ్ళకూ పెట్టింది ముట్టకూడదని వాళ్ళ పాస్టరు మాట. ప్రెగ్గీ ఆమె ముందున్న ఆకు తీసేసి, బంధువులందరూ వింటుండగా అన్నాడు.

"అమ్మ కూడు నీకు పనికిరాలేదు. నీ ఇంట్లో నీల్లు నాకొద్దు."

అన్నమాట ప్రకారమే ఉన్నాడు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బాగున్నావా అనేవాడు. ఆమె ఇంటి వైపు మాత్రం వచ్చేవాడు కాదు.

అటువంటివాడు ఒక ఆదివారం వచ్చి గేటు బయట నిలబడ్డాడు. చేతిలో తాడు, తాడుకు అటు చివర గోధుమ రంగు కుక్క. అప్పటికే అది గేటు కమ్మీ కొరుకుతోంది.

"చెల్లీ, ఇంటోళ్ళందరం ఇండియా ఎల్తన్నాం. తిరపతి. మన ఆంధ్రా వాళ్ళ గ్రూపుతో. త్రీ వీక్స్."

తెల్లవాళ్ళ పాలన పోయి ఇండియాకు దారులు తెరుచుకుని ఎంతో కాలం కాలేదు. తాతలు చెరుకు తోటల్లో పనికి ఓడ దిగిన తరవాత ఆ ఇంట్లో ఎవరూ ఆ నేల మీద కాలు పెట్టలేదు. ప్రెగ్గీ ముఖంలో ఆ సంబరం దాచినా దాగడం లేదు.

"లోపలికి రా అన్నా."

"లేదు, లేదు. టైం అయిపోతంది. దీన్ని సూసుకో. నీకు కాక ఎవరికిచ్చేది?"

ఆ ఆఖరి మాట విని ఆడ్రీ చెయ్యి చాచి తాడు అందుకుంది. ఇంకేమన్నా అడిగినా సరే అనేదే.

"ఇదొకటి," అన్నాడు ప్రెగ్గీ కుక్క మెడ చూపించి. పసుపు నూలూ ఎర్ర నూలూ కలిపి పేనిన దారం. తమిళుల లెక్కలో పురటాసి నెల శనివారం గోవిందుడి పూజలో ఇంటిల్లిపాదికీ చేతులకు కట్టి, మిగిలిన ముక్క దీని మెడకు కట్టాడు. "దీన్ని తియ్యద్దమ్మా. నీకు నచ్చదు, తెల్సు. ఉండనీ."

"ఉంటుందన్నా," అంది ఆడ్రీ.

ఇక మొదలైంది. మినిస్టర్ తీగ మీద ఆరేసిన దుప్పటి లాగింది. ఐవన్ చర్చికి వేసుకునే బూట్లలో ఒకదాన్ని నమిలి రెండోదాన్ని దయతో వదిలేసింది. పొద్దున్నే నడిపించడానికి తీసుకెళితే ఆడ్రీ దాన్ని నడిపించిందో, అది ఆడ్రీని ఈడ్చిందో చూసేవాళ్ళు చెప్పాలి. ఐవన్ చర్చిలో పెద్ద. ఇంట్లో మాత్రం ఏ పనీ అతని దాకా వచ్చేది కాదు. "మీ అన్న కుక్క కదా," అని పేపరు తిప్పేవాడు. రాత్రి కంచాలు కడిగి, పెరట్లో అది చేసిన కంపు కడిగి మంచం మీద వాలితే, అప్పుడు మొదలుపెట్టేది మినిస్టర్ ఏడుపు. ఆడ్రీకి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఫుట్‌సెక్!" అని అరిస్తే ఆ వీధిలో ఏ కుక్కయినా పారిపోతుంది. మినిస్టర్ మాత్రం అదేదో ఆట అనుకుని ఇంకా దగ్గరికొచ్చేది. "తులా! తులా!" అని జూలూలో ఊరుకోమని బతిమాలితే గొంతు పెంచేది.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చేసరికి అది మడుంబీ అనే చేమదుంపల మడి మొత్తం తవ్వి, మట్టి మూతితో నిలబడి ఉంది. ఆడ్రీ సంచీ కింద పడేసింది. ఆమె నోట్లోంచి ఏ మాట రావాలో ఆమె అనుకోలేదు. దానంతట అదే వచ్చింది.

"సచ్చినోడా! నీ మొకం మండ! ఇట్రా! కూకో!"

మినిస్టర్ నోట్లో దుంప వదిలేసింది. చెవులు దించుకుని వచ్చి ఆమె పాదాల మీద కూర్చుంది.

అది అమ్మ తిట్టు. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ళిద్దరూ రోజూ తిన్న తిట్టు. ప్రెగ్గీ ఇంట్లో ఈ కుక్కను అలాగే తిడుతున్నాడన్నమాట. చర్చిలో చేరాక పాత పటాలతో పాటు పాత మాటలు కూడా ఎక్కడో పెట్టేసింది ఆడ్రీ. ఇంట్లో అంతా ఇంగ్లీషే. మెట్టు మీద కూలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. అలసట కూడా ఉందిలెండి అందులో. కుక్క పాదాల మీంచి లేవలేదు.

శనివారం మధ్యాహ్నం ప్రార్థన కూటం వాళ్ళ ఇంట్లో. పాస్టర్ లయొనెల్ వస్తున్నాడు. కుర్చీలు సర్దుతూ ఐవన్ కిటికీలోంచి కుక్కను చూశాడు.

"ఆ దారం తీసెయ్. విగ్రహం ముందు కట్టింది మన యార్డులో ఎందుకు? పాస్టర్ చూస్తే ఏమనుకుంటాడు?"

ఉంచుతానని మాటిచ్చానని చెప్పాలి. చెబితే వాదన, వాదన తరవాత మౌనం, ఆ మౌనంలోనే సమోసాలు వేయించాలి. ఆమెకు ఓపిక లేదు. ఆ క్షణంలో అన్న గుర్తురాలేదని కాదు. గుర్తొచ్చాడు. అయినా కత్తెర తీసుకుని కోసింది. పారేయడానికి చెయ్యి రాక, గుండీల డబ్బాలో పెట్టి మూత వేసింది.

ప్రార్థన బాగా జరిగింది. పాటలు బాగా పాడారు. వెళ్ళేవాళ్ళలో ఎవరో గేటు గడియ పెట్టలేదు. కప్పులు కడిగి ఆడ్రీ పెరట్లోకి వెళితే తాడు ఉంది, కుక్క లేదు.

చీకటి పడేదాకా వీధులన్నీ తిరిగింది. మర్నాడు చర్చికి వెళ్ళలేదు. చేరిన తరవాత ఆదివారం మానడం అదే మొదలు. టాక్సీ ఎక్కి చాట్స్‌వర్త్‌లో అన్న ఇంటికి వెళ్ళింది. కుక్కలు ఇంటికే పోతాయని ఆశ. అన్న ఇంటికి తాళం వేసి ఉంది. గేటు దగ్గర మట్టిలో కాళ్ళతో గీరిన గుర్తులున్నాయి. పక్కింటి డోరీన్ గోడ మీంచి తల పెట్టింది.

"నిన్న ఓ కుక్కొచ్చి ఇక్కడే ఏడస్తా కూచుంది ఆంటీ. ప్రెగ్గీ అంకుల్‌దేమో అనుకున్నా. దగ్గరికెళ్ళి సూస్తే మెళ్ళో దారం లేదు. అంకుల్ కుక్కకి దారం ఉంటది కదా? ఏదో ఊరకుక్కని నేనే కుక్కల వేన్‌కి ఫోన్ చేసేసా."

 ఆడ్రీ నేనే కోశానమ్మా అనలేక, మంచినీళ్ళడిగి తాగి వచ్చేసింది.

సోమవారం ఫ్యాక్టరీకి వెళ్ళలేదు. ఈ రోజుల్లో సెలవడగడమంటే పొమ్మనిపించుకోవడమే, తెలుసు. కుక్కల షెల్టర్లో ఆల్ఫ్రెడ్ అనే పెద్దాయన తాళాల గుత్తితో ముందు నడిచాడు. ఎవరూ రాని కుక్కల్ని ఎన్నాళ్ళో ఉంచరనీ, ఆ తరవాత ఇంజెక్షనేననీ మెల్లగా చెప్పాడు. కమ్మీల వెనక గోధుమ రంగు కుక్కలే బోలెడున్నాయి.

"మీది ఏదమ్మా? మెళ్ళో ఏమైనా ఉందా?"

"దారం ఉండేది. నేనే కోశాను."

ఆల్ఫ్రెడ్ ఆమె వైపు చూసి పక్కకు జరిగాడు. "మినిస్టర్!" అని పిలిచింది ఆడ్రీ. కుక్కలన్నీ ఒక్కసారి మీదికొచ్చి మొరిగాయి. అన్నీ ఒకేలా కనబడ్డాయి ఆమెకు. కమ్మీ పట్టుకుని, గొంతు పగిలేలా తిట్టింది.

"సచ్చినోడా! నీ మొకం మండ! ఇట్రా! కూకో!"

మూల నుంచి ఒకటి తోసుకుంటూ వచ్చి కమ్మీకి ఆనుకుని కూర్చుంది. మట్టి, ఈగలు, చెవి మీద ఓ గాటు. ఆల్ఫ్రెడ్ నవ్వాడు. "దాన్ని ఏమన్నారమ్మా?"

"మా అమ్మ అనేది," అంది ఆడ్రీ. 

ఇంటికొచ్చాక గుండీల డబ్బా తీసింది. ముడేస్తే దారం పొట్టిదవుతుంది, మెడకు బిగుసుకుంటుంది. రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కాలరు అంచు కుట్టినట్టు సన్నగా కుట్టింది. ఐవన్ గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏం చేస్తున్నావ్?"

"కుడుతున్నాను. దండం పెట్టడం లేదు. టీ కావాలంటే పెట్టుకో."

ఐవన్ వెళ్ళి కెటిల్ పెట్టాడు.

ప్రెగ్గీ గుండుతో తిరిగొచ్చాడు. మళ్ళీ గేటు బయటే. కుక్క అతన్ని చూసి పిచ్చెత్తినట్టు ఎగురుతోంది. అతను ముందు సంచీలోంచి కాగితం పొట్లం తీసి గేటు మీంచి అందించాడు.

"పల్లీ ఉండలు. సామికి పెట్టింది కాదు. బజార్లో కొని, గుళ్ళోకి తీసుకెల్లకుండా బస్‌లోనే వదిలేసెల్లా. నువ్ తినొచ్చు."

ఆడ్రీ పొట్లం అందుకుంది. అంత దూరం వెళ్ళి, దేవుడి గుమ్మం దగ్గర ఈ అన్న తన గురించి ఆలోచించాడు. తనేమో ఇంట్లో కూర్చుని కత్తెర తీసింది. సిగ్గుతో ఆమెకు తల ఎత్తాలనిపించలేదు.

ప్రెగ్గీ వంగి కుక్క మెడ నిమురుతున్నాడు. వేలు ఒకచోట ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చి అక్కడే ఆగింది.

"ఎవరు కోసేరు?"

"నేనే అన్నా."

"కుట్టింది?"

"నేనే."

పాస్టరు సంగతి, గేటు సంగతి, వేను సంగతి అంతా చెప్పింది. ఏదీ దాచలేదు, ఐవన్ మీదికీ నెట్టలేదు. ప్రెగ్గీ తల ఎత్తకుండా విన్నాడు. అయిపోయాక కూడా ఎత్తలేదు. కుట్టును గోటితో తడుముతూనే ఉన్నాడు. తాడు విప్పుకుని వెళ్ళిపోతాడు, ఇక ఈ జన్మకు ఈ గేటు దగ్గరికి రాడు అనుకుంది ఆడ్రీ.

"ఎండగా ఉంది," అన్నాడు ప్రెగ్గీ కుక్కతో అన్నట్టు. "నీల్లియ్యి చెల్లీ."

ఆడ్రీ లోపలికి వెళ్ళింది. ఏ గ్లాసులో ఇవ్వాలో తోచలేదు. అలమారలో గ్లాసులన్నీ పక్కకు జరిపి, అడుగున ఉన్న అమ్మ ఇత్తడి చెంబు తీసి కడిగింది. నిండా పట్టుకొచ్చి ఇచ్చింది.

ప్రెగ్గీ గేటు అవతలే నిలబడి తాగాడు. చెంబు అంచును వేలితో ఓసారి నిమిరాడు. ఖాళీ చేసి ఆమె చేతికిచ్చి, "ఇంకొంచెం," అన్నాడు.